సారథులలో మేటి యెవరు?

బేస్‌బాల్ గురించి ఒక తెలుగు పంతులు వ్రాయడమేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వినా నాకు నష్టం లేదు. ఛందస్సు, సంధులు, సమాసాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఆటల పీరియడు వచ్చిందంటే వేపచెట్టు క్రింద కుర్చీ వేయించుకొని కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకొన్నవాడినే గాని, బంతి పట్టిన పాపాన పోయినవాడిని కాను. అయినా ఈ విషయం కొంతకాలంగా మనసులో తొలుస్తున్నది. వ్రాసివేస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

2025 వేసవిలో మా అమ్మాయి ఇంటికి సియాటిల్ వెళ్ళాము. మనవడికి పన్నెండేళ్ళు. వాళ్ళ పాఠశాల జట్టులో బేస్‌బాల్ ఆడతాడు. ఆడతాడన్న మాటే గాని, ముఖంలో ఆ ఉత్సాహం కనబడలేదు. ఆరా తీస్తే తెలిసింది: కాస్త బొద్దుగా ఉంటాడనీ, వేగంగా పరుగెత్తలేడనీ, వాడిని క్యాచరు స్థానంలో కూర్చోబెట్టారట. ముఖానికి ఇనుప జాలీ, ఛాతీకి కవచం, మోకాళ్ళకు డాళ్ళు కట్టుకొని, ఎండలో రెండు గంటలసేపు గొంతుక్కూర్చొని బంతులు పట్టే పని. "ఎవరికీ వద్దనుకున్నది నాకిచ్చారు తాతయ్యా" అన్నాడు. ఈ మాట నా చెవిలో చాలా రోజులు మ్రోగింది.

దైవికంగా ఆ సంవత్సరమే ఆ ఊరి జట్టు మారినర్స్‌లో కాల్ రాలీ అనే క్యాచరు వీరవిహారం చేస్తున్నాడు. ఆగస్టు నెలాఖరుకు 49 హోమ్ రన్లు కొట్టి, క్యాచర్లలో అంతకు ముందు సాల్వడార్ పెరెజ్ 2021లో నెలకొల్పిన 48 లెక్కను దాటాడు. ఆ ఏడాది ముగిసేసరికి 60 అయినవి. మనవడి గది గోడకు రాలీ బొమ్మ వెలసింది. క్యాచరంటే వాడికి కొంచెం గౌరవం కలిగింది. నేను కూడా అదే అదనుగా అంతర్జాలంలో క్యాచర్ల చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. అప్పుడు తగిలింది నాకు కత్సుయా నోమురా పేరు. ఈ జపాను క్యాచరు 1963లోనే 52 హోమ్ రన్లు కొట్టాడు. ఆనాటి నుండి 2025లో రాలీ వచ్చేదాకా, అరవై రెండేళ్ళపాటు, అమెరికా మేజర్ లీగులలో ఏ క్యాచరూ ఒక్క సంవత్సరంలో ఆ సంఖ్యను అందుకోలేదు. పైగా రాలీ కొట్టినవాటిలో కొన్ని, క్యాచరుగా కూర్చోక కేవలం బ్యాటు పట్టే డీహెచ్‌గా ఉన్న రోజులవి. నోమురా ఆడిన పసిఫిక్ లీగులో 1963 నాటికి డీహెచ్ పద్ధతే లేదు. అది 1975లో వచ్చింది.

ఎంతో సంబరంగా ఈ సంగతి మనవడికి చెప్పాను. వాడు తల కూడా ఎత్తకుండా, "అది మేజర్ లీగ్ కాదు కదా తాతయ్యా. అది లెక్కలోకి రాదు" అన్నాడు.

లెక్కలోకి రాదు! ఈ వ్యాసానికంతటికీ మూలం ఆ ఒక్క మాట.

క్రికెట్టు మాత్రమే ఎరిగిన మిత్రుల కోసం ఒక వివరణ. క్యాచరును వికెట్ కీపరు వంటివాడని చెబితే సగమే చెప్పినట్లు. కీపరు బంతి వచ్చాక తన పని మొదలుపెడతాడు. క్యాచరు పని బంతి బయలుదేరక ముందే మొదలవుతుంది. బంతి విసిరేవాడిని పిచ్చరు అంటారు (పేరును బట్టి పిచ్చివాడని తలచవద్దు, అయితే ఆ పదవిలో కొంత పిచ్చి తప్పదని పెద్దలంటారు). తరువాతి బంతి వేగంగా రావాలా, వంపు తిరగాలా, మోకాలి ఎత్తునా, ఛాతీ ఎత్తునా అని నిర్ణయించి, తొడల నడుమ వేళ్ళతో సంజ్ఞ చేసేది క్యాచరు. మైదానంలో తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఒకవైపు చూస్తుంటారు. వారినందరినీ ఎదురుగా చూసేవాడు ఇతడొక్కడే. మన భాషలో దీనికి సరియైన పదం వెదికాను. 'పట్టువాడు' అంటే చేపలు పట్టేవాడు గుర్తుకు వస్తాడు. చివరికి 'సారథి' అన్న మాటే తగినదని నిశ్చయించుకొన్నాను. బాణం వేసేది రథికుడే. రథాన్ని ఎటు నడపాలో, శత్రువు గుట్టు ఎక్కడ ఉన్నదో చెప్పేది సారథి. గెలిస్తే పేరు రథికుడిది. ఓడితే నింద మాత్రం ఇద్దరిదీ.

ఇక ఈ నోమురా ఎవరో చెబుతాను. 1935లో క్యోటో ప్రాంతంలో, జపాను సముద్రపు ఒడ్డున, అమినో అనే చిన్న ఊరిలో పుట్టాడు. తండ్రి చైనా యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి రోగపీడితురాలు. అన్నగారు తన పై చదువు మానుకొని తమ్ముణ్ణి ఉన్నత పాఠశాలకు పంపాడు. మినేయామా అనే ఆ పాఠశాల ఆటలకు పేరున్నది కాదు. అక్కడి ఉపాధ్యాయుడొకరు ఈ కుర్రవాడి కోసం వృత్తి జట్లకు ఉత్తరాలు వ్రాశాడు. (ఈ వాక్యం చదివినప్పుడు నాకెందుకో కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎందరికోసం ఉత్తరాలు వ్రాశానని లెక్క వేసుకొంటే, సంఖ్య గర్వించదగినది కాదు.) ఒసాకాలోని నాన్‌కాయ్ హాక్స్ జట్టు పెట్టిన పరీక్షకు వెళ్ళాడు. బంతి తగినంత దూరం పడలేదు. జట్టు మనిషి ఒకడు జాలిపడి, గీత దాటి కాస్త ముందుకు జరిగి విసరమన్నాడట. అలా నెగ్గాడు.

నెగ్గి ఏమయ్యాడు? గోడ అయ్యాడు. పిచ్చర్లు సాధన చేసేటప్పుడు ఎదురుగా కూర్చొని బంతులు పట్టేవాడిని జపానులో గోడ అనే అంటారు. పల్లెటూరి కుర్రవాళ్ళను ఏరుకొన్నది అందుకేనని అతనికి తరువాత తెలిసింది. 1954లో మొదటి ఏడాది ఒక్క హిట్టు కూడా లేదు. ఏడాది చివర ఇక వెళ్ళిపొమ్మన్నారు. తీసివేస్తే మీ నాన్‌కాయ్ రైలు క్రిందనే పడతానని ప్రాధేయపడి నిలిచాడని చెబుతారు. ఆ జట్టు యజమాని ఒక రైలు కంపెనీ. 1956 వసంతంలో జట్టుతో హవాయి వెళ్ళినప్పుడు అవకాశం తగిలింది. 1957లో 30 హోమ్ రన్లతో లీగులో మొదటివాడు. 1961 నుండి 1968 దాకా వరుసగా ఎనిమిదేళ్ళు ఆ స్థానం అతనిదే. 1965లో సగటు .320, హోమ్ రన్లు 42, పరుగులు కొట్టించినవి 110, మూడింటా ప్రథముడై త్రికిరీటం ధరించాడు. యుద్ధానంతర జపానులో అది మొట్టమొదటిది. అమెరికన్ లీగులో గాని, నేషనల్ లీగులో గాని ఏ క్యాచరూ ఈనాటికీ దానిని సాధించలేదు. ఐదుసార్లు ఉత్తమ ఆటగాడు. 1980లో నలభై ఐదేళ్ళ వయసున ఆపేనాటికి 3017 ఆటలు, 2901 హిట్లు, 657 హోమ్ రన్లు. జపానులో అంతకంటె ఎక్కువ కొట్టినవాడు సదహారు ఓ ఒక్కడే.

ఇక ఆవలి ఒడ్డున ఉన్నవారు. అక్కడివారిలో ఎక్కువమంది నోట మొదట వచ్చే పేరు జానీ బెంచ్. సిన్సినాటి రెడ్స్ క్యాచరు, 1967 నుండి 1983 వరకు. 389 హోమ్ రన్లు, పది గోల్డ్ గ్లోవులు, 1970, 1972లలో ఉత్తమ ఆటగాడు. రెండవ చేతిని వెనుక దాచుకొని ఒంటి చేత్తో బంతి పట్టే పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేసినవాడు. 1976 ప్రపంచ సిరీస్‌లో యాంకీస్ క్యాచరు థర్మన్ మన్సన్ .529 సగటుతో అద్భుతంగా ఆడాడు. బెంచ్ .533. తరువాత విలేఖరులు ఇద్దరినీ పోల్చమని అడిగితే, రెడ్స్ శిక్షకుడు స్పార్కీ ఆండర్సన్, జానీ బెంచ్‌తో పోల్చి ఎవరినీ ఇబ్బంది పెట్టకండి అన్న అర్థం వచ్చే మాట అన్నాడు. మన్సన్ ఆ గదిలోనే ఉన్నాడు! పోలిక అన్నది ఎంత పదునైన కత్తియో తెలియడానికి ఈ ఉదంతం చాలు. పాపం మన్సన్ 1979లో విమాన ప్రమాదంలో పోయాడు.

మైక్ పియాజా మొత్తం 427 కొట్టాడు. వాటిలో క్యాచరుగా 396. కార్ల్‌టన్ ఫిస్క్ నోమురాలాగే నలభై ఐదు దాకా ఆడాడు. క్యాచరుగా 2427 ఆటలాడిన ఇవాన్ రోడ్రిగెజ్‌ది మేజర్ లీగుల రికార్డు. నోమురా క్యాచరుగా ఆడినవి 2921. దానిని మించినవాడు జపానులోనే మోతోనోబు తనిషిగే వచ్చాడు.

సంఖ్యలు ఒక్కసారి దగ్గరకు చేర్చి చూద్దాము. నూరు ఆటలకు ఎన్ని హోమ్ రన్లని కాగితం మీద లెక్క వేశాను. నోమురాకు దాదాపు 21.8, పియాజాకు 22.3, బెంచ్‌కు 18, యోగి బెర్రాకు 16.9. అంటే తరచుదనంలో పియాజా ఒక వెంట్రుకవాసి ముందున్నాడు. సగటులో అయితే చాలా ముందున్నాడు: అతనిది .308, నోమురాది .277. నోమురా గొప్పతనమంతా ఆటల సంఖ్యలో ఉన్నది. ఇది తగ్గించి చెప్పడం కాదు. మోకాళ్ళు అరిగిపోయి బెంచ్ చివరి మూడేళ్ళు క్యాచరు స్థానం వదలి ఎక్కువగా మూడవ బేస్‌కు, మొదటి బేస్‌కు మారవలసి వచ్చింది. గొంతుక్కూర్చొని ఇరవై ఆరు ఋతువులు గడపడమంటే మాటలా! మా కాలంలో గుంజీలు తీయించే శిక్ష ఉండేది. ఇరవైకే పిల్లలు కూలబడేవారు.

ఇక్కడే మనవడి ఆక్షేపణ వస్తుంది. లీగు స్థాయి తక్కువ. మైదానాలు చిన్నవి. రెండూ నిజమే. నాన్‌కాయ్ వారి ఒసాకా మైదానం చిన్నదే. 1955లో యాంకీస్ జపానులో పర్యటించి 15 గెలిచి, ఒకటి సమం చేసుకొని, ఒక్కటైనా ఓడకుండా వెళ్ళారు. కాని పుస్తకం అక్కడే మూసివేయరాదు. 1966లో డాడ్జర్స్ వచ్చినప్పుడు వారి గెలుపులు 9, ఓటములు 8. పదకొండేళ్ళలో అంతరం ఎంత తగ్గినదో చూడండి. నోమురా వికసించిన కాలం సరిగ్గా అదే.

కొందరు గణకులు జపాను అంకెలను ఏదో గుణకంతో హెచ్చించి, ఇతడు అమెరికాలో ఇన్ని కొట్టి ఉండేవాడని తేలుస్తారు. మానికలను సేర్లలోకి మార్చినంత సులువుగా చేస్తారు. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. ఎందుకంటే అసలు ప్రశ్న వేరు. అతడు అక్కడికి వెళ్ళే దారి ఉన్నదా? నోమురా జట్టులోని పిచ్చరే, మసనోరి మురకామి, 1964లో నేర్చుకొని రమ్మని అమెరికా పంపితే, శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ తరఫున ఆడి మేజర్ లీగులలో తొలి జపానీయుడైనాడు. వెంటనే రెండు జట్ల నడుమ అతను మావాడంటే మావాడని తగాదా. 1966 నాటికి వెనక్కి వచ్చేశాడు. ఆ తరువాత హిదెయో నోమో 1995లో వెళ్ళేదాకా మరొకరు లేరు. తలుపు మూసి ఉంచి, నువ్వు మా ఇంటికి రాలేదు గనుక నిన్ను లెక్కించము అనడం ఏమి న్యాయం?

ఈ న్యాయం అమెరికావారు తమ ఇంటిలోనే ఎలా చేశారో చూడండి. జోష్ గిబ్సన్ అనే నల్లజాతి క్యాచరు నీగ్రో లీగులలో ఆడాడు. వర్ణభేదం వల్ల మేజర్ లీగులు అతన్ని ఎన్నడూ రానివ్వలేదు. 1947 జనవరిలో ముప్పై ఐదేళ్ళకే మరణించాడు. ఆ ఏప్రిల్‌లోనే జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ తరఫున మైదానంలో అడుగు పెట్టాడు. మూడు నెలలు! కూపర్స్‌టౌన్ కీర్తిమందిరంలోని గిబ్సన్ ఫలకం దాదాపు 800 హోమ్ రన్లని చెబుతుంది. అధికార గణాంకాలలో మాత్రం అతని ఉనికే లేకపోయింది. 2024 మే నెలలో నీగ్రో లీగుల లెక్కలను మేజర్ లీగుల లెక్కలలో కలిపినప్పుడు, .372 సగటుతో గిబ్సన్ టై కాబ్‌ను దాటి చరిత్రలో ప్రథముడైనాడు. అతడు చనిపోయిన డెబ్భై ఏడేళ్ళకు! ఒక్క పరుగు అదనంగా చేయలేదు. ఒక్క బంతి అదనంగా కొట్టలేదు. మారినది లెక్క కట్టేవారి బుద్ధి.

జపాను లీగును కూడా అలా కలపమని నేను అడగను. అది వేరే దేశం, వేరే సంస్థ, తన చరిత్ర తనకున్నది. ఉత్పలమాల పద్యాన్ని సీసం కాలేదని ఎవరూ తప్పు పట్టరు గదా. ఏ వృత్తంలో వ్రాశాడో ఆ వృత్తపు యతిప్రాసలు చూడాలి. నేను కోరేది అంతే.

నా పక్షం బలహీనమైన చోటు కూడా దాచను. ఆ 1965 త్రికిరీటం మీద ఒక మచ్చ ఉన్నది. హోమ్ రన్లలో నోమురాకు పోటీగా హాంక్యూ బ్రేవ్స్‌లో డారిల్ స్పెన్సర్ అనే అమెరికన్ ఉండేవాడు. ఋతువు చివరి వారాలలో ఎదుటి పిచ్చర్లు అతనికి కొట్టదగిన బంతి వేయడం మానివేశారు. కావాలని దూరంగా వేసి బేస్‌కు నడిపించారు. విసిగిపోయి స్పెన్సర్ ఒకనాడు బ్యాటును తలక్రిందులుగా పట్టుకొని నిలబడ్డాడు. అప్పటికీ నడిపించారు! కొద్ది రోజులలో మోటారు సైకిలు ప్రమాదంలో కాలు విరిగి అతని పోటీ ముగిసింది. పరాయివాడు కిరీటం ఎత్తుకుపోరాదన్న పట్టుదల అది. లెక్కలోకి రానివ్వకపోవడం ఒక్క అమెరికావారి విద్య కాదు. మనవడికి ఇది కూడా చెప్పాను. వాడు మొదటిసారి తల ఎత్తి, "నిజంగా తలక్రిందులుగానా?" అని అడిగాడు.

ఇంతవరకు అంకెల గొడవ. క్యాచరును అంకెలతో కొలవడం సారథిని గుర్రాల సంఖ్యతో కొలవడం వంటిది. నోమురా అసలు విద్య వేరే ఉన్నది. అందులో అతనికి సాటి బెంచ్ కాదు, పియాజా కాదు, యోగి బెర్రా.

బెర్రా సెయింట్ లూయీలో ఇటలీ వలసదారుల బిడ్డ. ఎనిమిదవ తరగతితో చదువు మానినవాడు. పొట్టివాడు, రూపం చూసి జనం నవ్వేవారు. యాంకీస్ క్యాచరుగా పదిసార్లు ప్రపంచ సిరీస్ గెలిచాడు. 1951, 1954, 1955లలో ఉత్తమ ఆటగాడు. తరువాత శిక్షకుడై 1964లో యాంకీస్‌ను, 1973లో మెట్స్‌ను ప్రపంచ సిరీస్ దాకా తీసుకొని వెళ్ళాడు. అతనికి బ్యాట్స్‌మన్‌తో మాటలు కలిపే అలవాటు ఉండేది. బ్యాటు మీది ముద్ర చదవడానికి వీలుగా పట్టుకోవాలయ్యా అని హాంక్ ఆరన్‌ను కదిపాడట. ఆరన్ బంతిని బయటికి బాది వచ్చి, నేనిక్కడికి చదువుకోవడానికి రాలేదు అన్నాడట. ఇది ఎంతవరకు జరిగినదో గాని, అందరూ చెప్పుకొనే కథ.

నోమురా ఇదే పనిని శాస్త్రంగా మార్చాడు. జపానులో దానిని గుసగుస తంత్రం అన్నారు. బ్యాటు పట్టి నిలుచున్నవాడి వెనుక కూర్చొని, మెల్లగా, నిన్న రాత్రి ఏ పానశాలకు వెళ్ళావో నాకు తెలుసుననీ, నీ నిలబడే తీరు మారిందేమిటనీ గొణిగేవాడు. అవతలివాడి మనసు ఒక్క క్షణం చెదిరితే చాలు. ఇది చదివినప్పుడు నేను గట్టిగానే నవ్వాను. ఇది శల్యసారథ్యం కాక మరేమిటి! కర్ణుడి రథం మీద కూర్చొని, ప్రతి బాణానికి ముందు నిరుత్సాహపు మాటలు పలికిన మద్రరాజు విద్య ఇదే. తన పిచ్చరుకు పార్థసారథి, ఎదుటివాడికి శల్యుడు! రెండు సారథ్యాలూ ఒకే మనిషి, ఒకే బంతికి చేయడం మన కవులకు కూడా తట్టని కల్పన. షిగెయో నగషిమా మీద మాత్రం ఈ తంత్రం పారలేదట. అతడు అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పి తన దారిన తాను కొట్టేవాడట. శల్యుడికి కూడా లొంగని కర్ణులుంటారు.

గుసగుసలు పైపై వినోదం. లోతున ఉన్నది అధ్యయనం. నిషితెత్సు లయన్స్‌లో కజుహిసా ఇనావో అనే మహా పిచ్చరు ఉండేవాడు. అతని బంతి నోమురాకు అందేది కాదు. 16 ఎం.ఎం. కెమెరాతో అతని విసురును చిత్రీకరించి, ఆ రీళ్ళను తిప్పి తిప్పి చూసి, బంతిని పట్టుకొనే తీరులోని చిన్న తేడాను బట్టి ఏ బంతి రాబోతున్నదో పసిగట్టాడు. అది 1950ల నాటి మాట. ఈనాడు ప్రతి జట్టుకూ కంప్యూటర్ల గది ఉన్నది. ఆనాడు ఒక్కడి తలే ఆ గది. నోమురా జట్టు మిత్రుడు, తానే ఒక మహా పిచ్చరైన తదాషి సుగియురా, మాటల సందర్భంలో ఈ రహస్యాన్ని ఇనావో ముందే బయటపెట్టాడట. ఇనావో వెంటనే తన పట్టు మార్చుకొన్నాడట. ఎంత చదివినా మిత్రుడి నోరు మూయడం ఎవరి తరం!

అమెరికా నుండి నేర్చుకోవడానికి నోమురా ఏనాడూ సిగ్గుపడలేదు. కార్డినల్స్‌లో ఆడిన డాన్ బ్లేసింగేమ్ నాన్‌కాయ్‌కు ఆటగాడుగా వచ్చాడు. 1970లో నోమురా ఆటగాడుగా ఉంటూనే శిక్షకుడు కూడా అయినప్పుడు, బ్లేసింగేమ్‌ను ప్రధాన సహాయకుడిగా పెట్టుకొన్నాడు. వారి బడిలో పాఠం ఒకటే: ఆలోచించి ఆడడం. యుతకా ఫుకుమోతో అనే చిరుతపులి 1972లో 106 బేస్‌లు దొంగిలించాడు. అతన్ని ఆపడానికి క్యాచరు చేతి బలం చాలదని గ్రహించి, నోమురా పిచ్చర్ల విసురు కాలాన్నే కుదించాడు. ఈనాడు జపానులో ప్రతి పిచ్చరూ నేర్చే పాఠమది. అరుగుదల పట్టిన యుతకా ఎనత్సును 1977లో చివరి ఇన్నింగ్సుల పిచ్చరుగా మార్చి రెండవ జన్మ ఇచ్చాడు.

ఆ ఏడాదే వ్యక్తిగత జీవితం కారణంగా నాన్‌కాయ్ అతన్ని తొలగించింది. నలభై రెండేళ్ళ వయసు. శిక్షకుడి పీఠం ఎక్కినవాడు మళ్ళీ సామాన్యుడుగా మరో జట్టుకు వెళ్ళి గొంతుక్కూర్చోవడమా? ఒక మిత్రుడు అతనికి 'జీవితాంతం ఒక విద్యార్థి' అన్న జెన్ సంప్రదాయపు నానుడి చెప్పాడు. నోమురా దానిని 'జీవితాంతం ఒక క్యాచరు' అని మార్చుకొని, లోత్తేకు, తరువాత సేయ్‌బుకు వెళ్ళి మరి మూడేళ్ళు ఆడాడు. ఈ ఒక్క ముక్కకు నేను ఆయన పక్షం వహించడానికి సిద్ధం.

1990లో యకుల్త్ స్వాలోస్ శిక్షకుడై మూడుసార్లు, 1993, 1995, 1997లలో, జపాను సిరీస్ గెలిపించాడు. ఆటగాళ్ళను గదిలో కూర్చోబెట్టి నల్లబల్ల మీద పాఠాలు చెప్పేవాడు. వారు నోటు పుస్తకాలు నింపవలసిందే. (ఇక్కడ కూడా నాకు కళ్ళద్దాలు తుడుచుకోవాలనిపించింది, వేరే కారణంతో.) కళ్ళజోడు ఉన్నదని ఇతర జట్లు వద్దనుకొన్న అత్సుయా ఫురుతాను ప్రక్కన కూర్చోబెట్టుకొని, బంతి బంతికీ చీవాట్లు పెట్టి మహా క్యాచరును చేశాడు. 1992, 1993 సిరీస్‌లలో ఎదుటి జట్టు శిక్షకుడు మసాహికో మోరి కూడా పాత క్యాచరే. జనం ఆ పోరును నక్కకూ తనూకీకీ పోరు అన్నారు. ఒక ఏడాది నక్క, ఒక ఏడాది తనూకీ, రెండుసార్లూ 4–3.

బెంచ్ శిక్షకుడు కాలేదు. పియాజా మేజర్ లీగులలో కాలేదు. అది వారి లోపమనను. వారి దేశంలో క్యాచరు నుండి కోరేది వేరు. కెంజీ జోజిమా 2006లో ఇదే సియాటిల్‌కు వచ్చి, మేజర్ లీగులలో తొలి జపాను క్యాచరైనాడు. మొదటి ఏడాది .291 సగటు, 18 హోమ్ రన్లు. బ్యాటుతో ఏ లోపమూ లేదు. చిక్కు వచ్చింది సారథ్యం దగ్గర. జపానులో ఏ బంతి వేయాలో క్యాచరు చెబుతాడు, పిచ్చరు వేస్తాడు. అమెరికాలో క్యాచరు సూచిస్తాడు, పిచ్చరు తల అడ్డంగా ఊపుతాడు. భాష కూడా అడ్డమే. ఒప్పందం ఇంకా రెండేళ్ళు ఉండగానే 2009తో వదలుకొని జపాను వెళ్ళిపోయాడు. 2022 నుండి అమెరికాలో సంజ్ఞలకు బదులు మీటలు నొక్కే యంత్రం వచ్చింది. సంజ్ఞ వేళ్ళదైనా, మీటదైనా, వెనుక ఉన్న బుద్ధి ఎవరిదన్నదే నా ప్రశ్న. నానాటికీ అది మైదానం బయటి గదికి చేరుతున్నది.

ఇక నా తీర్పు అడుగుతారు. ఒక్క రోజు, ఒక్క ఆట, రెండవ బేస్‌కు దొంగ పరుగెత్తుతున్నాడు, బంతి విసరాలి అంటే నాకు బెంచ్ కావాలి. బ్యాటు ఒక్కటే చాలునంటే పియాజా. గిబ్సన్ తనకు దక్కవలసిన అవకాశాలు దక్కనివాడు. అతన్ని వరుసలో ఎక్కడ నిలబెట్టే అధికారమూ నాకు లేదు. కాని క్యాచరు అన్న పదవికి అర్థమేమిటో ఒక జీవితకాలమంతా వెచ్చించి విప్పి చెప్పినవారెవరంటే, నోమురా ముందు, అతని వెనుక ఒక అడుగు దూరంలో బెర్రా. ఈ వరుసతో ఏకీభవించని మిత్రులు ఉంటారని తెలుసు. పోట్లాటకు సిద్ధముగానే ఉన్నాను.

1975లో 600వ హోమ్ రన్ కొట్టిన రోజు స్టేడియంలో జనం పలచగా ఉన్నారు. ఓ, నగషిమా పొద్దుతిరుగుడు పువ్వులయితే, తాను జపాను సముద్రపు ఒడ్డున రాత్రివేళ ఎవరూ చూడకుండా పూచే పసుపుపచ్చని పువ్వునని చెప్పుకొన్నాడు. 2020 ఫిబ్రవరి 11న ఎనభై నాలుగేళ్ళ వయసున పోయాడు. ఆ ఒసాకా మైదానం ఇప్పుడు లేదు. ఆ చోట నంబా పార్క్స్ అనే పెద్ద దుకాణ సముదాయం వెలసింది. నడిచే దారిలో పూర్వం హోమ్ ప్లేటు ఉన్న చోట ఐదు మూలల గుర్తు ఒకటి పొదిగి ఉంచారు. అక్కడి నాన్‌కాయ్ స్మారక ప్రదర్శనలో మొదట నోమురా ప్రస్తావనే లేదు. ఆయన పోయిన తరువాత అభిమానులు విరాళాలు పోగుచేసి, 2021లో చేర్పించారు.

మేము తిరిగి వచ్చే ముందు రోజు మనవడి ఆట ఒకటి చూశాను. ఎదుటి కుర్రవాడు బ్యాటు పట్టి నిలుచున్నాడు. మావాడు జాలీ వెనుక నుండి ఏదో గొణిగాడు. ఆ కుర్రవాడు వెనక్కి తిరిగి చూశాడు. అంపైరు కూడా చూశాడు. ఇంటికి వచ్చాక ఏమన్నావురా అని అడిగితే, "మీ బూటు లేసు ఊడిందన్నాను తాతయ్యా" అన్నాడు.

"ఊడిందా?"

"లేదు."